గ్రంథనామాల గడపలో భారతదేశం: ఫ్రెంచి పాఠకలోకంలో భారతీయసాహిత్యం

వ్యాససంగ్రహం

ఫ్రాన్సులో భారతీయసాహిత్యానికి ఆదరణ పెరుగుతున్నదన్న మాట తరచుగా వినబడుతున్నది. ఆ ఆదరణ ఏ రచనలకు, ఏ రూపంలో, ఎవరి ద్వారా లభిస్తున్నదన్న ప్రశ్న అంతగా చర్చకు రావడం లేదు. ఫ్రెంచిలోకి వెళ్లిన కొన్ని భారతీయగ్రంథాల శీర్షికలను ఆధారంగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1913 నాటి ‘గీతాంజలి’ అనువాదం మొదలుకొని 2020 నాటి ‘రేత్ సమాధి’ అనువాదం వరకు శీర్షికల్లో వచ్చిన మార్పులను ఇది విశ్లేషిస్తుంది. మూలభాషను నేరుగా ఎరిగిన అనువాదకుడు ఉన్నచోట రచన తన పేరుతో, తన ప్రాంతంతో ఫ్రెంచి పాఠకుడిని చేరుకోగలిగిందని, అటువంటి అనువాదకపరంపర ఏర్పడకపోవడమే తెలుగుసాహిత్యానికి అక్కడ తగిన స్థానం లేకపోవడానికి ప్రధానకారణమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనువాదం, సేతుభాష, శీర్షిక, ఫ్రెంచి పాఠకులు, గీతాంజలి, చెమ్మీన్, పథేర్ పాంచాలి, రేత్ సమాధి, తెలుగుసాహిత్యం.

1. ఉపోద్ఘాతం

పారిస్‌లో జరిగే పుస్తకోత్సవానికి 2007లోను, 2022లోను భారతదేశం గౌరవ అతిథిదేశంగా వ్యవహరించింది. పదిహేనేళ్ల వ్యవధిలో ఒకే దేశానికి రెండుమార్లు ఆ గౌరవం దక్కడం సామాన్యవిషయం కాదు. గల్లిమార్ వంటి పెద్ద ప్రచురణసంస్థతో పాటు, ఆసియాసాహిత్యం కోసమే 1986లో ఏర్పడిన ఫిలిప్ పికియే, ఆక్త్ సూద్, జుల్మా మొదలైన సంస్థలు భారతీయరచయితలను ప్రచురిస్తూ వస్తున్నాయి. పుస్తకం ధరను ప్రచురణకర్తే నిర్ణయించాలని, దానిమీద అయిదు శాతానికి మించి తగ్గింపు ఇవ్వరాదని ఫ్రాన్సు 1981లో చేసిన చట్టం చిన్న పుస్తకవిక్రేతలను నిలబెట్టింది. పేరు తెలియని విదేశీ రచయితను తన సిఫారసుతో పాఠకుడి చేతికి అందించగల విక్రేత అక్కడ ఇంకా ఉన్నాడు. 1946లో మొదలైన జాతీయ గ్రంథకేంద్రం అనువాదాలకు ఆర్థికసహాయం అందిస్తున్నది. భారతీయసాహిత్యం పట్ల ఆదరణ ఈ వ్యవస్థల నీడలోనే పెరిగింది.

ఆదరణను పుస్తకాల సంఖ్యతో కొలవడం ఒక పద్ధతి. ఆ పుస్తకాలు పాఠకుడి ముందుకు ఏ వేషంలో వెళ్లాయో చూడడం మరొక పద్ధతి. ఈ వ్యాసం రెండవదాన్ని అనుసరిస్తుంది. ఫ్రెంచి సాహిత్యసిద్ధాంతకారుడు జెరార్ జెనెత్ 1987లో ప్రకటించిన గ్రంథం పేరుకు ‘గడపలు’ అని అర్థం. శీర్షిక, ముందుమాట, ముఖచిత్రం వంటివి పాఠకుడు రచనలోకి అడుగుపెట్టే గడపలని ఆయన వివరించాడు. శీర్షిక రచనను గుర్తిస్తుంది, విషయాన్ని సూచిస్తుంది, పాఠకుడిని ఆకర్షిస్తుంది. అనువాదంలో ఈ మూడు పనుల మధ్య సమతౌల్యం మారుతుంది. ఏ పని మిగిలిన రెండింటిని మింగివేసిందో గమనిస్తే, ప్రచురణకర్త తన పాఠకుడిని గురించి ఏమి ఊహించాడో తెలుస్తుంది. అందువల్ల అనూదితశీర్షికను సాహిత్యస్వీకరణకు సాక్ష్యంగా గ్రహించవచ్చు.

2. పూర్వరంగం: ప్రాచీనభారతం

ఫ్రెంచి విద్వాంసుల దృష్టిని మొదట ఆకర్షించింది సంస్కృతవాఙ్మయం. ఆంకెతిల్ ద్యుపెరోం 1801-02 సంవత్సరాల్లో ఉపనిషత్తులను లాటినుభాషలో ప్రకటించాడు. ఆయనకు ఆధారం దారా షికో కాలం నాటి పారశీకానువాదం. ‘అభిజ్ఞానశాకుంతలం’ 1803లో ఫ్రెంచిలోకి వచ్చినప్పుడు దానికి ఆధారం విలియం జోన్స్ 1789లో ప్రకటించిన ఆంగ్లానువాదం. అంటే ఈ రెండు ప్రసిద్ధ గ్రంథాలూ సేతుభాషల మీదుగానే ప్రయాణించాయి. 1814లో కాలేజ్ ద ఫ్రాన్సులో సంస్కృతపీఠం ఏర్పడింది. ఆ పీఠాన్ని మొదట అధిష్ఠించిన షెజీ ‘శాకుంతలా’న్ని సంస్కృతం నుంచి నేరుగా అనువదించి 1830లో ప్రకటించాడు. భాషాబోధనకు పీఠం ఏర్పడిన తరువాతనే సేతుభాష అవసరం తీరిందన్న ఈ వరుసక్రమం గమనార్హం. ఈ వ్యాసంలో మున్ముందు చర్చించే ఆధునిక రచనల విషయంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది.

ఆ తరువాత బ్యుర్నూఫ్ భాగవతపురాణాన్ని, ఇప్పొలిత్ ఫోష్ రామాయణాన్ని అనువదించారు. ఫోష్ మహాభారతానికీ పూనుకున్నాడు. రామాయణపఠనం తనకు కలిగించిన పరవశాన్ని చరిత్రకారుడు మిష్లే 1864లో ప్రకటించిన ‘మానవజాతి బైబిలు’ అనే గ్రంథంలో నమోదు చేశాడు. ఈ ఉత్సాహాన్నంతటినీ రేమోం ష్వాబ్ 1950లో ‘ప్రాచ్యపునరుజ్జీవనం’ పేరుతో సమగ్రంగా చిత్రించాడు. అయితే ఈ ఉత్సాహానికి ఒక పరిమితి ఉంది. అందులో భారతదేశం మానవజాతి బాల్యానికి ప్రతీక. సమకాలీన రచయితలున్న దేశంగా దానికి గుర్తింపు లేదు. హిందుస్తానీ బోధించి, హిందీ, ఉర్దూ సాహిత్యాల చరిత్రను 1839 నుంచి సంపుటాలుగా వెలువరించిన గార్సాం ద తాసీ దీనికి అరుదైన మినహాయింపు. ఆయన భారతదేశంలో అడుగుపెట్టకుండానే ఆ పని చేశాడు.

3. అంజలి నుంచి అర్పణకు: 1913

ఆధునిక భారతీయరచన ఒకటి ఫ్రెంచి సాహిత్యజీవులను కదిలించిన తొలి ముఖ్యసందర్భం ఆంద్రే జీద్ చేసిన ‘గీతాంజలి’ అనువాదం. అది 1913 చివర వెలువడింది. జీద్‌కు బెంగాలీ రాదు. రవీంద్రుడు తన వేర్వేరు బెంగాలీ సంపుటాల నుంచి ఎంచి, స్వయంగా ఆంగ్లంలో వచనగీతాలుగా మలచిన 103 ఖండికల గ్రంథమే ఆయనకు మూలం. కాబట్టి ఫ్రెంచి పాఠకుడు చదివినది కవి చేసిన అనువాదానికి అనువాదం. తెలుగు పాఠకులకు ఈ స్థితి కొత్తది కాదు. చలం ‘గీతాంజలి’కి ఆధారం కూడా ఆ ఆంగ్లగ్రంథమే. శాంతినికేతనంలో చదివిన బెజవాడ గోపాలరెడ్డి వంటివారు బెంగాలీ నుంచి నేరుగా రవీంద్రుని రచనలను తెలుగు చేయడం వేరొక మార్గం. ఒకే ఆంగ్లగ్రంథం పారిస్ పాఠకుడిని, తెలుగు పాఠకుడిని ఏకకాలంలో పోషించిందన్నది తులనాత్మక అధ్యయనానికి పనికివచ్చే అంశం.

జీద్ తన అనువాదానికి ‘లోఫ్రాంద్ లిరిక్’ అని పేరుపెట్టాడు. స్థూలంగా ‘గీతార్పణం’ అని చెప్పుకోవచ్చు. ‘అంజలి’లో రెండు చేతులు జోడించిన భంగిమ ఉంది; దోసిట పట్టిన పూలు ఉన్నాయి; నమస్కారం ఉంది. ఫ్రెంచిపదం ఈ భంగిమను వదిలి, సమర్పణ అన్న అర్థాన్ని మాత్రమే నిలుపుకొంది. అది కాథలిక్ ఆరాధనావిధికి దగ్గరి పదం కూడా. ‘గీతం’ స్థానంలో వచ్చిన విశేషణం పాటను కావ్యప్రక్రియగా మార్చింది. ఫలితంగా శీర్షిక ఫ్రెంచి పాఠకుడికి పరిచితమైన భక్తిలోకంలోకి సులువుగా ఒదిగింది. ఇది దోషం కాదు. మూలంలోని శబ్దాన్ని వదిలినా, మూలంలోని ఆర్ద్రతను జీద్ కాపాడాడు. అయితే ఆ శీర్షికను చూసి గ్రంథం బెంగాలీ నేలది అని గుర్తించడానికి పాఠకుడికి ఆధారం లేదు. రవీంద్రుడు యూరపులో ఋషిగా, ప్రాచ్యసందేశకుడుగా స్థిరపడడానికి ఇటువంటి గడప దోహదం చేసింది. కథకుడుగా, నవలాకారుడుగా, హాస్యప్రియుడుగా ఆయన చాలాకాలం ఆ గడపకు వెలుపలే ఉండిపోయాడు.

4. రెండు నవలలు, రెండు దారులు: 1965, 1969

రెండవ ప్రపంచయుద్ధం తరువాత పరిస్థితి మారింది. 1948లో యునెస్కో ప్రాతినిధ్యగ్రంథాల అనువాదప్రణాళికను ప్రారంభించింది. 1956లో ఎత్యాంబ్ల్ సంపాదకత్వంలో గల్లిమార్ సంస్థ ‘ప్రాచ్యపరిచయం’ అనే అర్థమిచ్చే గ్రంథమాలను మొదలుపెట్టింది. యూరప్ భాషలకే పరిమితమైన తులనాత్మకసాహిత్యం అసంపూర్ణమని వాదించిన విమర్శకుడు ఎత్యాంబ్ల్. ఈ దశలో ఫ్రెంచిలోకి వెళ్లిన రెండు నవలలను పక్కపక్కన ఉంచి చూడడం ఉపయుక్తం.

మొదటిది తకళి శివశంకర పిళ్ళై మలయాళనవల ‘చెమ్మీన్’. 1956లో వెలువడి, 1957లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఈ నవల 1965లో ఫ్రెంచిలోకి వచ్చింది. ‘చెమ్మీన్’ అంటే రొయ్య. కేరళతీరపు మత్స్యకారుల జీవనోపాధి, కడలమ్మ పట్ల వారి భయభక్తులు, కులకట్టుబాట్లు, కరుత్తమ్మ, పరీక్కుట్టి, పళని జీవితాల విషాదం అందులో ముడిపడి ఉన్నాయి. ఫ్రెంచి శీర్షికకు ‘ఒక భారతీయప్రేమ’ అని అర్థం. రొయ్యతోపాటు సముద్రం పోయింది; సముద్రంతోపాటు వృత్తి పోయింది; వృత్తితోపాటు ప్రాంతం పోయింది. మిగిలినవి రెండే మాటలు: ప్రేమ, భారతీయత. ఒక హిందూ మత్స్యకార యువతి, ఒక ముస్లిం వర్తకుడు ఎందుకు కలిసి బతకలేకపోయారన్నది ఆ తీరానికి చెందిన ప్రశ్న. ‘భారతీయ’ అన్న విశేషణం ఆ ప్రశ్నను ఉపఖండం మొత్తానికి పరిచి పలుచన చేసింది.

రెండవది విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీనవల ‘పథేర్ పాంచాలి’. ఫ్రాన్స్ భట్టాచార్య బెంగాలీ నుంచి నేరుగా చేసిన అనువాదాన్ని గల్లిమార్ 1969లో ప్రచురించింది. ‘పాంచాలి’ బెంగాల్‌లో ఒక కథాగేయప్రక్రియ. ఫ్రెంచి శీర్షికలో దానికి బదులుగా వచ్చిన ‘కొంప్లాంత్’ అన్న పదం ఫ్రెంచి జానపదంలో విషాదకథను పాడే గేయప్రక్రియ పేరు. ‘పథం’ స్థానంలో కాలిబాట అన్న పదం వచ్చింది. అంటే ఒక దేశపు ప్రజాప్రక్రియకు మరొక దేశపు ప్రజాప్రక్రియ సాటిగా నిలిచింది. సత్యజిత్ రాయ్ చలనచిత్రం 1956లో కాన్ చిత్రోత్సవంలో పురస్కారం పొంది, ఫ్రాన్సులో ఇదే పేరుతో పరిచితమైంది. కాబట్టి ఈ శీర్షిక ఘనతను అనువాదకురాలికి మాత్రమే కట్టబెట్టడం సరికాదు. చలనచిత్రం పుస్తకానికి దారి తీసింది. అయినా సేతుభాష లేకుండా బెంగాలీ గద్యాన్ని ఫ్రెంచిలోకి తెచ్చిన శ్రమ ఆమెదే. పారిస్‌లోని ప్రాచ్యభాషల జాతీయసంస్థ, అంటే ఇనాల్కోలో ఆమె బెంగాలీ బోధించారు. షెజీ విషయంలో గమనించిన సూత్రం ఇక్కడ పునరావృతమైంది: ముందు బోధనపీఠం, తరువాత ప్రత్యక్షానువాదం.

5. విపణిలో భారతీయుడు: 2005-2013

సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’, ఆ తరువాత అరుంధతీ రాయ్ ‘ది గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్’ ఫ్రెంచి పాఠకులను విస్తృతంగా ఆకర్షించాయి. ఆంగ్లంలో రాసే భారతీయులకు ద్వారాలు తెరుచుకున్నాయి. ఈ ఇద్దరి శీర్షికలూ ఫ్రెంచిలో దాదాపు యథాతథంగానే నిలిచాయి. పురస్కారం తెచ్చిన కీర్తి శీర్షికకు రక్షణ కల్పించింది. అంతటి కీర్తి లేని రచనల విషయం వేరు.

వికాస్ స్వరూప్ 2005లో ఆంగ్లంలో రాసిన ‘క్యూ అండ్ ఎ’ మరుసటి ఏడు ఫ్రెంచిలోకి వచ్చింది. దాని ఫ్రెంచి శీర్షికకు ‘శతకోటీశ్వరుడైన ఒక దురదృష్టవంతుడైన భారతీయుని అద్భుత సాహసాలు’ అని అర్థం. ఈ నవలలో కథానాయకుడి పేరు రామ్ మహమ్మద్ థామస్. మూడు మతాలు కలిసిన ఆ పేరే నవల చేసే వాదానికి బీజం. ఫ్రెంచి శీర్షికలో అతడు ‘ఒక భారతీయుడు’. మూలశీర్షికలోని ప్రశ్నోత్తరాల క్రీడ పోయి, అరేబియన్ కథల వంటి అద్భుతగాథ ముందుకు వచ్చింది. 2005లోనే వెలువడిన తరుణ్ తేజ్‌పాల్ నవల ‘ది ఆల్కెమీ ఆఫ్ డిజైర్’ ఫ్రెంచిలో ‘చండీగఢ్‌కు దూరంగా’ అన్న పేరుతో మంచి ఆదరణ పొందింది. 1965లో ప్రాంతాన్ని చెరిపివేసిన విపణి, 2005 నాటికి ఒక నగరం పేరును ఆకర్షణగా వాడుకోవడం మొదలుపెట్టింది. పాఠకుడి కుతూహలం మారిందనడానికి ఇది సూచన. అయితే ఆ నగరం పేరు కూడా దూరాన్ని సూచించే మాటతోనే వచ్చింది.

2013లో రొమాన్ పువెర్తొలా అనే ఫ్రెంచి రచయిత నవల ఒకటి విశేషంగా అమ్ముడైంది. దాని పేరుకు ‘ఐకియా బీరువాలో ఇరుక్కుపోయిన ఫకీరు అసాధారణ ప్రయాణం’ అని అర్థం. దీని నిర్మాణం స్వరూప్ నవల ఫ్రెంచి శీర్షిక నిర్మాణాన్ని పోలి ఉంది: ఒక అతిశయోక్తి విశేషణం, ఒక యాత్ర, పేరు లేని ఒక భారతీయుడు, అతని వింత దశను చెప్పే ఉపవాక్యం. ఒకటి మరొకదానికి మూలమని నిర్ధారించడానికి ఇది చాలదు. పొడవాటి వినోదాత్మక శీర్షికలు ఆ కాలంలో యూరప్ అంతటా వాడుకలో ఉన్నాయి. కాని రెండు పుస్తకాలు పక్కపక్కన ఉన్న బల్లమీద భారతీయరచయిత రాసిన నవల ఏదో, భారతీయుడిని గురించి ఫ్రెంచివాడు రాసిన నవల ఏదో పేరునుబట్టి వేరుచేయడం కష్టం. అనువాదశీర్షిక మూలరచయిత గొంతును ఏ మేరకు కప్పివేయగలదో చెప్పడానికి ఈ సాదృశ్యం చాలు.

6. ఒక ఆక్షేపణ, ఒక సమాధానం

శీర్షికలు మార్చడం ఫ్రెంచి ప్రచురణకర్తల సాధారణ అలవాటని, అమెరికన్ నవలలకూ అదే జరుగుతుందని, దీనిలో భారతదేశం పట్ల ప్రత్యేకదృష్టిని వెదకడం తగదని ఆక్షేపించవచ్చు. ఇందులో సత్యం ఉంది. శీర్షిక మార్పు దానంతట అది అపచారం కాదు. అంతేకాదు, వింతగా వినిపించే శీర్షిక ప్రతిదీ విపణి సృష్టి కూడా కాదు.

బంకిమచంద్రుని ‘కపాలకుండల’కు ఫ్రాన్స్ భట్టాచార్య చేసిన అనువాదం 2005లో వెలువడింది. దాని పేరుకు ‘పుర్రెలను చెవిపోగులుగా ధరించిన స్త్రీ’ అని అర్థం. పుస్తకాల అంగడిలో ఇది అతివింతగా కనిపించే పేరు. కాని తెలుగు పాఠకుడికి విషయం వెంటనే బోధపడుతుంది: కపాలాలు కుండలాలుగా గలది కపాలకుండల. అనువాదకురాలు సంస్కృతసమాసాన్ని విప్పి చెప్పారు, అంతే. అలాగే వైకం మహమ్మద్ బషీర్ నవలను దొమినిక్ విటాలియోస్ మలయాళం నుంచి అనువదించగా, జుల్మా సంస్థ ‘తాతకొక ఏనుగుండేది’ అన్న అర్థమిచ్చే శీర్షికతో ప్రచురించింది. ఇది మూలానికి సన్నిహితమైన అనువాదం. మూలశీర్షికలో మాటలన్నీ కలగలిసిపోయిన మాప్పిళ మాండలికపు ఉచ్చారణ మాత్రం ఫ్రెంచిలో నిలవలేదు. అయినా ఏనుగు అక్కడ అలంకారంగా వచ్చి చేరలేదు. వంశగౌరవాన్ని పట్టుకుని వేలాడే కుటుంబాన్ని బషీర్ ఆ ఏనుగు ద్వారానే ఎగతాళి చేశాడు.

కాబట్టి వింతదనం ఉన్నదా లేదా అన్నది కొలమానం కాకూడదు. ఆ వింతదనం మూలరచన నుంచి వచ్చిందా, లేక పాఠకుడి పూర్వాభిప్రాయం నుంచి వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. పరిశీలించిన ఉదాహరణల్లో మూలభాషను ఎరిగిన అనువాదకులున్న చోట్ల వింతదనం మూలానిదే. రచన పేరు, ప్రాంతం చెరిగిపోయిన చోట్ల ప్రచురణకర్త ఊహించుకున్న పాఠకుడే అనువాదాన్ని నడిపించాడు.

7. అనూదితం కాని శీర్షిక: 2020

గీతాంజలిశ్రీ హిందీనవల ‘రేత్ సమాధి’ 2018లో వెలువడింది. ఆనీ మొంతో చేసిన ఫ్రెంచి అనువాదాన్ని 2020లో దే ఫామ్ ప్రచురణసంస్థ వెలువరించింది. స్త్రీవాద ఉద్యమంలో పుట్టిన సంస్థ అది. డెయిజీ రాక్‌వెల్ ఆంగ్లానువాదం 2021లో వచ్చింది. 2022 మే నెలలో దానికి అంతర్జాతీయ బుకర్ బహుమతి లభించింది. అంతకు ముందునెలలోనే పారిస్ పుస్తకోత్సవంలో భారతదేశం అతిథిదేశంగా ఉంది. ఆంగ్లంలో గుర్తింపు పొందిన తరువాతనే భారతీయరచన ఇతర యూరప్ భాషలకు చేరుతుందన్న సాధారణ అభిప్రాయానికి ఈ కాలక్రమం భిన్నంగా ఉంది. ఇక్కడ హిందీ తరువాత మొదట వచ్చింది ఫ్రెంచి.

శీర్షికలో మరింత ముఖ్యమైన భేదం ఉంది. ‘సమాధి’ అన్న పదానికి ధ్యానంలో లీనమైన స్థితి అని, మృతులను ఉంచే చోటు అని రెండర్థాలున్నాయి. తెలుగులోనూ ఈ రెండర్థాలు సజీవంగా ఉన్నాయి. భర్త మరణించాక అందరికీ వీపు చూపి మంచం పట్టిన ఎనభైయేళ్ల వృద్ధురాలు, ఆ తరువాత లేచి దేశవిభజన గీసిన సరిహద్దును దాటి వెళ్లే కథకు ఈ శ్లేష ప్రాణం. ఆమె పడుకోవడం మృత్యువా, తపస్సా అన్న సందిగ్ధం నవల పొడవునా సాగుతుంది. ఆంగ్లశీర్షిక రెండర్థాల్లో గోరీ అన్న అర్థాన్ని ఎంచుకుంది. ఫ్రెంచి శీర్షిక హిందీమాటలను అలాగే నిలిపి, ‘సరిహద్దుకు ఆవల’ అన్న అర్థమిచ్చే ఉపశీర్షికను చేర్చింది. తెలియని రెండు మాటలున్న పుస్తకాన్ని పాఠకుడు చేతిలోకి తీసుకుంటాడన్న నమ్మకం ప్రచురణకర్తకు కలిగింది. ‘ఒక భారతీయప్రేమ’ నుంచి ‘రేత్ సమాధి’కి మధ్యనున్న 55 ఏళ్లలో ఫ్రెంచి పాఠకలోకం నడిచిన దూరం ఇందులో కనిపిస్తుంది.

ఈ నమ్మకం ఒక్కరోజులో వచ్చింది కాదు. ఆనీ మొంతో ఇనాల్కోలో హిందీ బోధించిన భాషాశాస్త్రవేత్త. నిర్మల్ వర్మ, కృష్ణ బల్‌దేవ్ వైద్ రచనలను, గీతాంజలిశ్రీ తొలి నవల ‘మాయీ’ని అంతకుముందే ఆమె ఫ్రెంచిలోకి తెచ్చారు. అంటే ‘రేత్ సమాధి’ వెనుక ఒక రచయిత్రితో, ఒక భాషతో సంవత్సరాల సాహచర్యం ఉంది.

8. తెలుగు: రాతప్రతులున్నాయి, రచనలేవి?

ఈ నేపథ్యంలో తెలుగు స్థితిని పరిశీలిస్తే ఒక వైరుధ్యం కనిపిస్తుంది. తెలుగుకు, ఫ్రెంచికి పరిచయం కొత్తది కాదు. తెలుగుసీమలో పనిచేసిన జెసూట్ మతప్రచారకులు 18వ శతాబ్ది తొలిసగంలోనే రాతప్రతులను సేకరించి పారిస్ రాజగ్రంథాలయానికి పంపారు. ఆ గ్రంథాలయంలోని భారతీయ రాతప్రతులు 1739లో అచ్చయిన పట్టికలోకి ఎక్కాయి. అదే సంఘానికి చెందిన కోర్దూ తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువును కూర్చాడు. సంస్కృతానికి గ్రీకు, లాటినులతో ఉన్న పోలికలను 1767లోనే పారిస్ పండితులకు నివేదించాడు. ఫ్రెంచి మతాచార్యుడు అబే దుబ్వా భారతీయుల ఆచారవ్యవహారాలపై రాసిన గ్రంథంలో వేమన ప్రస్తావన ఉంది. ఆ గ్రంథం చదివే సి.పి. బ్రౌన్ వేమనను వెదకడం మొదలుపెట్టాడు. ఆధునికకాలంలో వేమన పునరుద్ధరణకు ఒక ఫ్రెంచివాని పుస్తకం నిమిత్తమైంది. గోదావరితీరంలోని యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలోనే ఉంది. ఇనాల్కోలో తెలుగుబోధనకూ చోటు దక్కింది.

వర్తమానంలోనూ తెలుగు జాడలు ఫ్రెంచి పుస్తకాల్లో ఉన్నాయి. మారిషస్‌లో తెలుగుమూలాలున్న కుటుంబంలో జన్మించిన ఆనందాదేవి ఫ్రెంచిలో రాసే ప్రముఖ నవలాకారిణి. మారిషస్ తెలుగువారి అస్తిత్వంమీద ఆమె పరిశోధనగ్రంథం కూడా వెలువరించారు. లెతీసియా కొలొంబానీ 2017లో రాసిన ‘జడ’ అన్న అర్థమిచ్చే ఫ్రెంచి నవల లక్షలాది పాఠకులకు చేరింది. ఉత్తరప్రదేశ్ గ్రామంలో చేతులతో మలం ఎత్తే దళితస్త్రీ స్మిత తన కూతురితో పారిపోయి తిరుమల చేరి తలనీలాలు సమర్పిస్తుంది. ఆ జుట్టు సిసిలీ మీదుగా కెనడాలో ఒక రోగగ్రస్తురాలికి విగ్గుగా చేరుతుంది. తెలుగునేల ఆ కథలో ఒక మజిలీ. అక్కడినుంచి జుట్టు ప్రయాణించింది. ఆ కొండను శతాబ్దాలుగా కీర్తించిన భాషకు ఆ కథలో పని పడలేదు. నవలాకారిణిని తప్పుపట్టడానికి కారణం లేదు. ఆమె చెప్పదలచిన కథ వేరు. కాని ఆ నవల చదివిన పాఠకుడు ఆ నేలనుంచి ఒక దళితస్వరాన్ని నేరుగా వినదలిస్తే పుస్తకాల అంగడిలో అతనికి దొరికేది అతిస్వల్పం. రాతప్రతిగా, నిఘంటువుగా, పుణ్యక్షేత్రంగా తెలుగు అక్కడ ఉంది. నవలగా, కథగా, కవితగా హిందీ, బెంగాలీ, మలయాళాలకు ఉన్నపాటి ఉనికి దానికి లేదు.

కారణం రచనల్లో లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఈ శీర్షికను ఫ్రెంచిలోకి తేవాలంటే అనువాదకుడు కనీసం మూడు మార్గాల్లో ఒకటి ఎంచుకోవాలి. తమిళపదం నుంచి ఫ్రెంచిలో స్థిరపడిన ‘పరియా’ అన్న మాటను వాడితే పాఠకుడికి సులువు. కాని బెర్నార్దాం ద సాం పియేర్ 18వ శతాబ్ది చివర రాసిన కథనుంచి ఆ మాటకు అంటుకున్న కరుణారసపు వాసన వెంట వస్తుంది. ‘దళిత’ అన్న మాట వాడితే రాజకీయస్పష్టత ఉంటుంది, కాని 1922 నాటి రచనకు తరువాతి కాలపు చైతన్యాన్ని ఆరోపించినట్లవుతుంది. ‘మాలపల్లి’ అనే ఉంచితే ఒక కులం, ఒక వాడ, ఒక గ్రామస్వరూపం తమ పేరుతో నిలుస్తాయి. ‘రేత్ సమాధి’ తరువాత ఆ మార్గం అసాధ్యం కాదని తేలింది. మూడింటిలో ఏది ఉచితమో తేల్చవలసినది తెలుగూ ఫ్రెంచీ రెండూ లోతుగా ఎరిగిన అనువాదకుడు. అటువంటివారి పరంపర లేనిచోట ఆ నిర్ణయం ఆంగ్లానువాదం చేతిలోకో, విపణి చేతిలోకో వెళుతుంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

1. ఫ్రెంచి పాఠకుల్లో భారతీయసాహిత్యం పట్ల ఆదరణ వాస్తవం. అది ప్రాచీనవాఙ్మయం నుంచి వర్తమానరచనకు, ‘భారతీయ’ అన్న సామాన్యవిశేషణం నుంచి నిర్దిష్ట ప్రాంతభాషల వైపుకు క్రమంగా కదిలింది. ఆంగ్లంలో రాసినవారికి, ఆంగ్లం మీదుగా వచ్చినవారికి మాత్రం ఇప్పటికీ దారి సుగమం.

2. మూలభాషనుంచి నేరుగా జరిగిన అనువాదాల్లో శీర్షిక మూలరచన లోకాన్ని కాపాడింది. ‘శాకుంతలం’ మొదలు ‘రేత్ సమాధి’ వరకు ప్రత్యక్షానువాదానికి ముందు భాషాబోధన నెలకొని ఉండడం యాదృచ్ఛికం కాదు.

3. శీర్షిక మారడం దోషం కాదు. మార్పు రచన అవసరం నుంచి వచ్చిందా, పాఠకుడి పూర్వాభిప్రాయం నుంచి వచ్చిందా అన్నది విమర్శ తేల్చవలసిన అంశం.

4. తెలుగుకు లోటు రచనల్లో లేదు, చారిత్రకసంబంధంలోనూ లేదు. అనువాదకపరంపరలోనే ఉంది. ఫ్రెంచి సాహిత్యాన్ని తెలుగువారు సైతం ఎక్కువగా ఆంగ్లం మీదుగానే చదివారన్నది ఈ లోటుకు మరో పార్శ్వం.

విశ్వవిద్యాలయాల తెలుగుశాఖలు, ఫ్రెంచిశాఖలు ఒకే ప్రాంగణంలో ఉండి కూడా ఉమ్మడి అనువాదపరిశోధన అరుదుగా జరుగుతున్నది. ఒక తెలుగు పరిశోధకుడు, ఒక ఫ్రెంచి పరిశోధకుడు కలిసి ఒకే కథాసంపుటి మీద కొన్నేళ్లు పనిచేసే అవకాశం కల్పిస్తే, బ్రౌన్‌ను వేమన వైపు నడిపించిన దారి ఈసారి తెలుగునేలనుంచి ఎదురుదిశలో మొదలవుతుంది. పారిస్ గ్రంథాలయంలో సుమారు మూడు శతాబ్దాలుగా నిరీక్షిస్తున్న రాతప్రతులకు తోడుగా, అక్కడి పుస్తకాల అంగడిలో ఒక తెలుగు నవల తన పేరుతోనే నిలిచినప్పుడు ‘భారతీయసాహిత్యం’ అన్న మాటకు ఫ్రెంచిలో అర్థం మరికొంత పూర్ణమవుతుంది.